ఇంగ్లీషు రాని సెన్యోరా పుస్తకాల బుట్టలు

రొసౌరా విల్యమీల్‌కు ఇంగ్లీషు రాదు. అంటే, రెండో తరగతి పిల్లల ముందు రాదు. పిల్లలు లేనిచోట ఆమె ఇంగ్లీషులో భర్తతో పోట్లాడుతుంది, ఇన్సూరెన్సు వాళ్లతో ఫోనులో వాదించి గెలుస్తుంది, వంట కార్యక్రమాలు చూస్తూ వాళ్లని తిట్టిపోస్తుంది. కానీ అమెరికాలోని ఆ ఊళ్లో, పాఠాలన్నీ స్పానిష్‌లోనే చెప్పే స్పానిష్ బడి పద్ధతి అది. గదిలోకి వచ్చిన పిల్లలకు టీచరుతో మాట్లాడాలంటే స్పానిష్ తప్ప ఇంకో దారి ఉండకూడదు. టీచరుకు ఇంగ్లీషు వచ్చని తెలిసిన మరుక్షణం ఏ పిల్లా కష్టపడదు. అందుకని పెద్దవాళ్లంతా కలిసి ఈ అబద్ధాన్ని పెంచి పోషిస్తారు. తల్లిదండ్రులకు తెలుసు, ప్రిన్సిపాల్‌కు తెలుసు, మధ్యాహ్నం పళ్లేలు అందించేవాళ్లకూ తెలుసు. తెలియనిది పిల్లలకే.

మిగతా టీచర్లు ఈ నియమాన్ని బడి గేటు దాకా మోసి అక్కడ దించేస్తారు. రొసౌరా అలాంటి మనిషి కాదు, ఆమెది ఉడుంపట్టు. సూపర్ మార్కెట్‌లో కుళ్లిన టమాటాల గురించి ఇంగ్లీషులో గొడవపడుతుండగా వెనక నుంచి "సెన్యోరా!" అని స్పానిష్‌లో టీచరమ్మను పిలుస్తూ ఏ పిల్ల కేకైనా వినపడితే చాలు, అక్కడికక్కడే మూగదైపోతుంది. టమాటాల వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపుతుంది. ఆమె భర్త డ్వేన్ ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు, చలికాలంలో రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. అతనికి వచ్చిన స్పానిష్ అంతా కలిపి "అలాగే నా ప్రాణమా" అన్న ఒక్క ముక్క. పిల్లలు ఎదురుపడితే భార్య ఏం మాట్లాడినా అతను ఆ ముక్కే తిప్పి తిప్పి అంటాడు. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర పక్క కుర్చీలో తన క్లాసు పిల్ల కూర్చుని ఉందని, మత్తు ఎక్కలేదన్న మాట పైకి చెప్పకుండానే రొసౌరా పన్ను పీకించుకుంది.

"పిచ్చా నీకు? చెయ్యెత్తితే పోయేది కదా," అన్నాడు డ్వేన్ కారులో.

"ఎత్తాను," అంది ఆమె బుగ్గ పట్టుకుని. "ఆయన కూడా చెయ్యూపి నాకు హలో చెప్పాడు."

కొలంబియాలో బోయకా కొండల మీద పుట్టిన మనిషి మిన్నెసోటా చలిని తిట్టుకుంటూ ఇన్నేళ్లు ఉండిపోవడానికి డ్వేన్ ఒక కారణం. రెండో కారణం బడిలో ఆమె గది కిటికీ కింద ఉన్న పుస్తకాలు. ఆమె గర్వమంతా అక్కడే ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన పుస్తకాల వీపు మీద పేరు కింది నుంచి పైకి ఎక్కుతుంది, ఇక్కడ అచ్చేసినవాటి మీద పై నుంచి కిందికి దిగుతుంది. రెండూ ఒకే అరలో పెడితే పిల్లలు తల ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వాల్చి చూడాలి. మొదటి ఏడాది ఆమె తెలివి ఉపయోగించి సగం పుస్తకాలను తలకిందులుగా పెట్టింది. పేర్లన్నీ ఒకే వైపు తిరిగాయి, కానీ పిల్లలు పుస్తకాన్ని ఎలా తీశారో అలాగే పట్టుకుని తలకిందుల బొమ్మలు చూడటం మొదలుపెట్టారు. దాంతో అరలు వదిలేసి ప్లాస్టిక్ బుట్టలు కొంది. పుస్తకాలన్నీ ముఖాలు బయటికి పెట్టి నిలబడతాయి, ఎవరి మెడా పట్టేయదు.

ప్రతి పుస్తకం మీదా ఒక రంగు చుక్క. ఎరుపు అన్నిటికన్నా తేలిక, తర్వాత పసుపు, పచ్చ, నీలం. ఏ పిల్లకు ఏ రంగు వచ్చిందో ఆ రంగు బుట్టలోంచే తీసుకోవాలి. నెలకోసారి రొసౌరా పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, బాగా చదివితే పై రంగుకు పంపుతుంది.

ఆగస్టులో ఆ చుక్కలు అంటించడానికి జొలీన్ అనే తల్లి వచ్చింది. మంచి మనిషి, పిలవకుండానే సాయానికొచ్చే రకం. స్పానిష్ ఒక్క ముక్క రాదు. ఏ పుస్తకానికి ఏ రంగో రొసౌరా రెండు నిమిషాల్లో ఇంగ్లీషులో చెప్పేసేదే, కానీ జొలీన్ వెంట కూతురు మారెన్ వచ్చి రగ్గు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇంకేం చేస్తుంది, చేతులు తిప్పింది, కళ్లు తిప్పింది, పుస్తకం తెరిచి మూసి చూపింది. జొలీన్ అంతా అర్థమైనట్టు తల ఊపి, పలచటి పుస్తకాలన్నిటికీ ఎర్ర చుక్కలు, లావుపాటి వాటన్నిటికీ నీలం చుక్కలు పెట్టేసింది. పెద్దవాళ్లకే కొరుకుడు పడని పద్యాల పుస్తకం ఎర్రబుట్టలో పడింది. పసిపిల్లలు నమిలే దళసరి అట్టల పుస్తకానికి నీలం దక్కింది. రొసౌరా ఆమె చేతులు పట్టుకుని స్పానిష్‌లో కృతజ్ఞతలు చెప్పి పంపించి, సెప్టెంబరంతా చుక్కలు గీకుతూ కూర్చుంది. ఆ సంగతి జొలీన్‌కు ఇప్పటికీ తెలియదు.

ఇంగ్లీషు రాదని అనిపించుకున్నాక ఒక చిక్కు వచ్చిపడింది. పిల్లలు ఆమె ముందు పిల్లి ముందు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. ఎవరింట్లో ఎవరు అలిగి వెళ్లిపోయారో, ఎవరు పక్క తడుపుతున్నారో, ఎవరి రబ్బరు ఎవరు కొట్టేశారో అన్నీ ఆమె చెవిన పడతాయి. విన్నది మనసులోనే ఉంచుకోవాలి తప్ప వాడుకోకూడదని ఆమె తనకు తానే ఒక కట్టడి పెట్టుకుంది. వింటూ కూడా ముఖం కదపకపోవడం ఆమెకు బాగా అలవాటైంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, పిల్లలు ఎవరికి వారు చదువుకునే వేళ, ఆమె బుట్టల దగ్గర వంగి చిరిగిన పుస్తకాలు ఏరుతోంది. పక్కనే రగ్గు మీద మారెన్, ఆమె జతగత్తె ఇఫ్రా. ఇఫ్రా వాళ్లది సోమాలీ కుటుంబం. ఆ పిల్లకు స్పానిష్ మూడో భాష, అయినా పుస్తకం దొరికితే వేరుశనక్కాయలు నమిలినట్టు నమిలేస్తుంది. ఇద్దరూ ఇంగ్లీషులో గుసగుసలాడుతున్నారు.

"రేపు సెన్యోరా నా చేత ఇదే చదివిస్తారు. ఇంకోసారి చదవ్వే," అంది మారెన్.

"ఎన్నిసార్లే? నా నోరు నొప్పెడుతోంది. నువ్వే చదువుకో."

"నాకు రాదని తెలుసుగా."

"కొంచెం కూడా రాదా?"

"బొమ్మలు చూస్తా. నువ్వు చెప్పింది గుర్తు పెట్టుకుంటా. అంతే."

ఇఫ్రా నోరు తెరిచింది. "మరి పచ్చచుక్క ఎట్లా వచ్చిందే నీకు?"

"అదీ నువ్వు చదివి పెట్టిందే కదా." మారెన్ పుస్తకాన్ని ఇఫ్రా ఒళ్లోకి నెట్టింది. "ఎర్రచుక్కకి దిగిపోయాననుకో, అమ్మ నన్ను ఇంగ్లీషు బడిలో వేసేస్తుంది. క్రిస్మస్ సెలవులు అవగానే. నాన్నతో అంటుంటే విన్నా."

ఇఫ్రా కాసేపు ఆలోచించింది. "అయితే ఇటు తే. మాట్లాడకుండా విను."

రొసౌరా ముఖం కదల్లేదు. చేతిలో ఉన్న పుస్తకాన్ని పచ్చబుట్టలో పెట్టబోయి నీలంబుట్టలో పెట్టింది. మర్నాడు మారెన్ వచ్చి ఒక్క తడబాటు లేకుండా ఆ పుస్తకం అప్పజెప్పింది. పుట తిప్పాల్సిన చోట తిప్పింది, వేలు కూడా అక్షరాల కింద నడిపింది. "చాలా బాగుంది," అంది రొసౌరా, అని సిగ్గుపడింది. ఇన్నేళ్లుగా పిల్లలకు రంగులు పంచుతున్న తనను ఏడేళ్ల పిల్ల ఇంత సులువుగా బోల్తా కొట్టించింది. కోపం పిల్ల మీద రాలేదు. తన చుక్కల మీద వచ్చింది.

తర్వాత వారం ఎవరూ చూడని కొత్త పుస్తకం ఇచ్చి చదవమంది. మారెన్‌కు కడుపు నొప్పి వచ్చింది. ఇంకోసారి ఇస్తే బాత్రూంకు వెళ్లి గంట కొట్టేదాకా రాలేదు. ఉన్నది ఉన్నట్టు తల్లికి చెబితే పిల్ల క్రిస్మస్ తర్వాత ఈ గదిలో ఉండదు. చెప్పకపోతే చదవడం రాకుండానే మూడో తరగతికి పోతుంది. రొసౌరాకు ఈ రెంటిలో ఏదీ మింగుడు పడలేదు. ఇంగ్లీషు బడిలో వేస్తే అక్కడే నేర్చుకుంటుంది కదా అని ఇంకో టీచరైతే ఊరుకునేది. కానీ మారెన్ రగ్గు మీద స్పానిష్‌లో జోకులు వేస్తుంది, స్పానిష్‌లో అలుగుతుంది, ఇఫ్రాతో ఆట మధ్యలో తనకు తెలియకుండానే స్పానిష్‌లోకి జారిపోతుంది. ఆ మాటలు వదిలేసి పోతే ఏడాది తిరక్కుండా ఒక్కటీ మిగలదు. అలా పోయినవాళ్లు ఊళ్లో కనపడి ఇంగ్లీషులో హలో అని తలదించుకోవడం ఆమె చూసింది.

ఒక శనివారం బడికి పోయి చుక్కలన్నీ పీకేసింది. తేలిక, కష్టం అన్న లెక్క తీసేసి, పుస్తకంలో ఏముందో దాన్నిబట్టి బుట్టలు సర్దింది. కప్పలు ఒక బుట్ట, లారీలు ఒక బుట్ట, అమ్మమ్మలు ఒక బుట్ట. సోమవారం ప్రిన్సిపాల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పిల్లలింకా రాలేదు గనక ఇంగ్లీషులోనే అడిగాడు.

"రంగులేవండీ?"

"వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాశాను."

"జిల్లా ఆఫీసు నుంచి ఎవరైనా వస్తే?"

"వంగి చూడమంటాను."

ఆమె అనుకున్నది ఏమిటంటే, రంగు లేకపోతే మారెన్‌కు భయం ఉండదు, పసిపిల్లల పుస్తకమైనా చేతిలోకి తీసుకుంటుంది, మెల్లగా మొదలుపెడుతుంది. జరిగింది వేరు. అడ్డు తొలగిందని మారెన్ అన్నిటికన్నా లావుగా ఉన్న అగ్నిపర్వతాల పుస్తకం తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "ఇంత లావుది నేను చదవను, నీ మొహం," అని ఇఫ్రా ఆ రోజంతా మాట్లాడలేదు. రొసౌరా పెట్టుకున్న ఆశ అక్కడితో నీరుగారిపోయింది.

నవంబరులో తల్లిదండ్రుల సమావేశాలు వచ్చాయి. ఆ బడిలో ఆ సమావేశానికి పిల్లలూ వస్తారు. టీచరు స్పానిష్‌లో చెబుతుంది, పిల్ల తల్లిదండ్రులకు ఇంగ్లీషులో చెబుతుంది, వాళ్లు అన్నది మళ్లీ టీచరుకు చెబుతుంది. పెద్దవాళ్లకు అదంతా నాటకమని తెలుసు, అయినా తమ పిల్ల అటూ ఇటూ మాటలు మోస్తుంటే మురిసిపోతారు. జొలీన్, ఆమె భర్త కర్ట్ మంచు బూట్లు గుమ్మం దగ్గర విప్పి, పిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. మధ్యలో మారెన్ కాళ్లూపుతూ కూర్చుంది.

రొసౌరా ముందు రాత్రే నిశ్చయించుకుంది. విన్నది వాడుకోకూడదన్న తన కట్టడి తానే దాటింది.

"మారెన్‌కు చదవడం ఇంకా రాలేదు," అంది స్పానిష్‌లో, ఒక్కో మాటా ఆచి తూచి. "ఇఫ్రా చదువుతుంటే విని, బట్టీ పట్టి నాకు అప్పజెబుతోంది. నేను కనిపెట్టలేకపోయాను. తప్పు నాది కూడా."

మారెన్ కాళ్లు ఊపడం ఆపేసింది. తల్లిని చూసింది, టీచరును చూసింది. తర్వాత నేల వైపు చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది. "నాకు చదవడం రాలేదంట. ఇఫ్రా చెప్పింది బట్టీ పట్టి అప్పజెబుతున్నానంట. సెన్యోరా కనిపెట్టలేదంట, తప్పు ఆవిడది కూడానంట." ఒక్క మాట తగ్గించలేదు.

జొలీన్ చెయ్యి నోటి మీదికి పోయింది. కర్ట్ ఒళ్లో ఉన్న టోపీని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు.

"కానీ మారెన్‌ను ఇక్కణ్ణించి తీసుకెళ్లకండి," అంది రొసౌరా. "భాష వచ్చేసింది, అక్షరాలే పట్టుబడాలి. అవి నేను నేర్పుతాను. దయచేసి మార్చి దాకా ఆగండి."

ఈసారి మారెన్ తండ్రి చేతిలో తిరుగుతున్న టోపీని చూసింది. తర్వాత గబగబా అనేసింది. "నన్ను ఇంగ్లీషు బడిలో వేయమంటున్నారు సెన్యోరా. అక్కడైతే తొందరగా వస్తుందంట."

ముగ్గురు పెద్దవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. జొలీన్ కళ్లలో ఏళ్ల బరువు దిగిపోయినట్టు కనపడింది, వెంటనే ఏదో అనుమానమూ కనపడింది. ఆమె రొసౌరా ముఖంలోకి చూసింది. రొసౌరా నోరు విప్పకపోతే ఆ మాట ఆమె అన్న మాటే అయిపోతుంది. పన్ను పీకినప్పుడు కూడా విప్పని నోరు అది.

"నేను అలా అనలేదు," అంది రొసౌరా ఇంగ్లీషులో.

మారెన్ మెల్లగా ఇటు తిరిగింది. నోట ఇంగ్లీషు రాలేదు, స్పానిష్‌లోనే అడిగింది.

"మీకు వచ్చా?"

"వచ్చు."

"మొదటి నుంచీనా?"

"మొదటి నుంచీ."

"రగ్గు మీద మేం మాట్లాడుకునేవన్నీ విన్నారా?"

"అన్నీ విన్నాను."

ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు టీచరు ముఖాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అయితే మీరూ నాలాగే," అంది.

"అవును," అంది రొసౌరా. "అలా ఎందుకు చెప్పావు? నేను అన్నది నీకు అర్థం కాలేదా?"

"అయింది. అమ్మకి ఆ మాటే కావాలి. మీరంటే నాన్న కూడా ఒప్పుకుంటాడు. ఇంక కారులో పోట్లాడుకోరు."

"ఏమంటోంది?" అంది జొలీన్.

"నువ్వే చెప్పు," అంది రొసౌరా మారెన్‌తో. మారెన్ చెప్పింది, ఈసారి మొదటి నుంచి ఉన్నది ఉన్నట్టు. మార్చి దాకా ఆగమన్న మాటా చెప్పింది, కారు మాటా చెప్పింది. కర్ట్ టోపీ పెట్టుకుని, పెట్టుకున్నది గుర్తొచ్చి తీసేశాడు. జొలీన్ కోటు జేబులో కాగితపు రుమాలు వెతుక్కుంది.

"ఇదంతా దానికి స్పానిష్‌లో అర్థమైందా?" అంది.

"ఇందాకటి నుంచీ అది చేస్తున్న పని అదే కదే," అన్నాడు కర్ట్.

జొలీన్ ముక్కు తుడుచుకుంది. "మార్చి దాకా చూస్తానండీ. నాకు ఇష్టమై కాదు. అప్పటికీ దానంతట అది చదవలేకపోతే మీరు ఇంకో మాట మాట్లాడకూడదు."

రొసౌరా ఒప్పుకుంది.

సోమవారం ఆమె గదిలోకి ఎలా అడుగుపెట్టిందో ఆమెకే తెలియాలి. ఇన్నేళ్ల గుట్టు బడంతా పాకిపోయి ఉంటుందనుకుంది. పిల్లలు ఎప్పట్లాగే ఆమె ముందు ఆమె స్వెట్టరు గురించి ఇంగ్లీషులో నవ్వుకున్నారు. ఎవరికీ తెలియదు. మారెన్ ఎవరికీ చెప్పలేదు, ఇఫ్రాకు కూడా. ఇఫ్రా ఏదో గుసగుసగా మొదలుపెట్టబోతే, "స్పానిష్‌లో చెప్పు, లేకపోతే చెప్పకు," అని కసిరింది. అది విన్న రొసౌరాకు అర్థమైంది. పిల్ల తనను కాపాడుతోంది, ఎవరూ అడగకుండానే.

మధ్యాహ్నం అందరూ మంచులో ఆడుకోవడానికి పోయాక ఆమె మారెన్‌ను ఆపి, బుట్టలన్నీ రగ్గు మీద బోర్లించింది.

"నేను సర్దింది ఎవరికీ నచ్చలేదు. నువ్వు సర్దు."

"ఎట్లా సర్దాలి?"

"పుస్తకంలో ఏముందో చూసి ఏ బుట్టలో వేయాలో నువ్వే చెప్పు. బుట్టలకు పేర్లు కూడా నువ్వే పెట్టు."

"ఇఫ్రా రావచ్చా?"

"రాకూడదు."

మొదటి రోజు ఒక్క పుస్తకం కూడా బుట్ట చేరలేదు. బొమ్మలు చూసి వేసినవాటిని రొసౌరా తీసి మళ్లీ రగ్గు మీద పెట్టేది. "బొమ్మ కాదు. దాని కింద రాసి ఉన్నది ఏమిటి?" అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, మధ్యలో ఏడుస్తూ, ఒకసారి కప్ప పుస్తకాన్ని కిటికీకేసి కొడుతూ మారెన్ డిసెంబరు గడిపింది. ఆ కప్ప రోజున రొసౌరాకు ఒళ్లు మండి, ఉన్న ఓపికంతా అయిపోయి, ఇంగ్లీషులో నాలుగు చీవాట్లు పెట్టింది. మారెన్ కన్నీళ్లు తుడుచుకుని తలుపు వైపు చూసింది.

"స్పానిష్‌లో తిట్టండి సెన్యోరా," అంది. "ఎవరైనా వింటారు."

బుట్టల పేర్లు మాత్రం బాగా వచ్చాయి. ఎవరో ఒకరు తప్పిపోయేవి ఒక బుట్ట. ఆకలి పుట్టించేవి ఒకటి. పెద్దవాళ్లు తప్పు చేసేవి ఒకటి, అందులో అనుకున్నదానికన్నా ఎక్కువ పుస్తకాలు పడ్డాయి. భయం పుట్టించేవి ఒకటి. అట్టముక్కల మీద ఆ పేర్లు మారెనే రాసింది, వంకరగా. మిగతా పిల్లలు బుట్టల చుట్టూ మూగారు. ఈ సర్దుబాటు ఎవరిదని అడిగితే రొసౌరా ఆ ప్రశ్న అర్థం కానట్టే ఉండిపోయింది.

అయినా జనవరి దాటినా ఆమెకు నమ్మకం కుదరలేదు. మారెన్ పుస్తకాలను సరైన బుట్టల్లోనే వేస్తోంది. అదే ఆమె అనుమానం. ఇంటికి పోయే బస్సులో ఇఫ్రా చదివి పెట్టడం లేదని ఎవరు చెప్పగలరు? గదిలో చెవులు రిక్కించి విన్నా ఏమీ తెలియలేదు, మారెన్ ఇప్పుడు జాగ్రత్తగా మాట్లాడుతోంది. మార్చి దగ్గర పడుతోంది. "నిద్రలో కూడా బుట్టలు లెక్కపెడుతున్నావు," అన్నాడు డ్వేన్.

ఫిబ్రవరి చివర్లో ఒక రోజు ఇఫ్రా భయం బుట్టలోంచి పలచటి పుస్తకం ఒకటి పైకి తీసి గట్టిగా అరిచింది. సంతకు పోయే కోడి కథ అది.

"దీన్ని భయంలో ఎవరు పెట్టారే? ఇది నవ్వొచ్చేది!"

"నేనే," అంది మారెన్. "నవ్వేముంది అందులో? కోడి ఎక్కిన బస్సు నదిలో పడిపోతుంది."

"పడదే! వంతెన మీద నుంచి పోతుంది. వంతెన, చూడు, ఇక్కడ రాసి లేదా?"

మారెన్ పుస్తకం లాక్కుని, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చూసింది. బస్సు ఉంది, నది ఉంది. మధ్యలో ఉన్న వంతెనను ఆమె మొన్న గబగబా దాటేసింది. "ఓహో," అంది, చిన్నబుచ్చుకుంటూ. "నేను పాపం కోడి పోయిందనుకున్నా."

రొసౌరా పక్కనున్న పిల్లల కుర్చీలో కూర్చుండిపోయింది. ఇఫ్రా చెప్పి ఉంటే బస్సు మునిగేది కాదు. ఆ కోడిని నదిలో ముంచింది మారెన్ ఒక్కతే.

ఇఫ్రా పుస్తకాన్ని వేరే బుట్టలోకి మార్చబోయింది.

"అక్కడే ఉండనీ," అంది రొసౌరా.

"తప్పు కదా సెన్యోరా?"

"తప్పే. ఉండనీ."

బడి వదిలాక తలుపు మూసి, కిటికీలోంచి పసుపు బస్సు మలుపు తిరిగేదాకా చూసి, ఆమె జొలీన్‌కు ఫోను చేసింది.

"మీ అమ్మాయి ఇవాళ ఒక పుస్తకం తప్పు చదివిందండీ," అంది.

అవతల నీళ్ల కుళాయి కట్టేసిన చప్పుడు వినపడింది.

"తనంతట తనే చదివిందా?" అంది జొలీన్.